కార్డుకు పెట్టిన బొట్టు

పోయిన వారం ఎంకమ్మను మనం వనపర్తి దారిలో, ఆటోలో, ఒళ్లో కంప్యూటరు డబ్బాతో వదిలేసి వచ్చాం. వారం రోజులుగా ఆ తల్లి ఆ బరువు అలాగే మోస్తూ కూర్చుంది. డబ్బాకేం, షాపు రాగానే ఎవరో ఒకరు దింపుకుంటారు. ఆమె కడుపులో దాచుకున్న మాట ఇంకొకటుంది. దాన్ని మొగుడికీ చెప్పలేదు, కొడుక్కీ చెప్పలేదు, ఇన్ని వారాలుగా వెంట తిరుగుతున్న మనకూ చెప్పలేదు.

మధ్యలో వచ్చి కలిసినవారికి కాస్త వెనకటి సంగతి. బిజినేపల్లి దగ్గర నాగన్న, ఎంకమ్మ కౌలుకు చేసుకునే రైతులు. ఒక్కగానొక్క కొడుకు లక్ష్మణ్. మూడేళ్ల కిందట హైదరాబాదులో అపార్టుమెంటుకు రంగులు వేస్తూ పరంజా మీది నుంచి పడ్డాడు. ఉన్న రెండెకరాల మెట్ట చెలక ఆపరేషనుకు పోయింది. ప్రాణం దక్కింది, నడుము కింద మాత్రం చచ్చుబడింది. ఏడాది పాటు గోడవైపు తిరిగి పడుకున్న ఆ పిల్లవాణ్ని మళ్లీ ఇటు తిప్పింది ఒక గేమింగ్ కంప్యూటరు. అందులో తుపాకుల ఆట. ఐదుగురు ఒక జట్టు. మిగతా నలుగురూ తలా ఒక ఊరివాళ్లు, లక్ష్మణ్‌ను కళ్లతో చూసినవాళ్లు ఒక్కరూ లేరు. అతని కాళ్లు కదలవని వాళ్లకు తెలియదు. ఆటలో అందరికన్నా ముందు పరుగెత్తేది అతనే గనక కెప్టెన్ను చేసుకున్నారు.

వచ్చే ఆదివారం పెద్ద పోటీకి ఎంపిక. సరిగ్గా ఇప్పుడు, దసరా వెళ్లిన దగ్గర్నుంచి, లక్ష్మణ్ ఆడినవన్నీ ఓడిపోతున్నాడు. ఎందుకురా అంటే గ్రాఫిక్స్ కార్డు పాతదైపోయింది, బొమ్మ ఆగి ఆగి వస్తోంది, కొత్తది వేస్తే తప్ప లాభం లేదు అని ఒకరోజు విసుక్కున్నాడు. ఆ మాట నాగన్న చెవిన పడింది. పడిందా, ఇక ఆ మనిషికి నిద్ర లేదు. ఈ పొద్దున ఎడ్ల జతను ట్రాలీ ఎక్కించుకుని పెబ్బేరు సంతకు పోయాడు. కొడుక్కి మాత్రం గద్వాలలో చుట్టాలింటికని చెప్పాడు. పోతూ పోతూ భార్యకు ఒక పని ఒప్పగించాడు.

"డబ్బా తీస్కపోయి షాపుల సూపియ్యి. కార్డు మార్చాల్సిందే అని ఆయన నోటితోని అంటెనే ఎడ్లను ఇడుస్త. అవసరం లేదంటె తోల్కొస్త. సందేళకు కొట్టంల ఉంటయి."

అదీ సంగతి. లక్ష్మణ్ షాపుకు రానంటే రానని మొండికేశాడు. ఆడే మనిషి కూడా కావాలని షాపాయన ఫోనులో అన్నాడని చెప్పి ఎంకమ్మే బలవంతాన ఆటో ఎక్కించింది.

ఇప్పుడు ఆటో ఆగింది.

వనపర్తి బస్టాండు ఎదురు సందులో నాగేశ్ షాపు. రెండేళ్ల కిందట ఈ కంప్యూటరును పాత సామాన్లన్నీ ఏరి జతచేసి ఇచ్చింది అతనే. ముప్పై ఐదేళ్ల మనిషి, కళ్లజోడు ఎప్పుడూ నుదుటి మీదే ఉంటుంది, కళ్ల మీద ఉన్నప్పుడు చూసినవాళ్లు తక్కువ. బయటికి వచ్చి లక్ష్మణ్‌ను రెండు చేతులతో ఎత్తుకుపోయి తిరిగే కుర్చీలో కూర్చోబెట్టాడు. డబ్బాను బల్ల మీద పెట్టాడు.

"ఏం తమ్మీ, ఏమంటున్నది మన బండి?"

"కార్డు వోయిందన్నా."

"పోయిందని నువ్వెట్ల చెప్తవ్? నేను చూడాలె గద."

"పోయింది. నాకు తెలుసు. కొననీకె రాలే అన్నా మేము. పోయిందని నువ్వు ఒక మాట అమ్మకు చెప్పు, గంతే."

నాగేశ్‌కు ఇది కొత్తగా అనిపించింది. కొత్త కార్డు కావాలని వచ్చేవాళ్లను చూశాడు, పాతదాన్నే ఎలాగోలా బతికించమని బతిమాలేవాళ్లను చూశాడు. కొనకపోయినా పర్వాలేదు, పోయిందని చెబితే చాలనేవాణ్ని చూడలేదు. సరేనని స్క్రూలు విప్పబోయి ఆగాడు.

"ఈ అద్దం తలుపుకు నాలుగు స్క్రూలు పెట్టిన. రెండే ఉన్నయి. ఎవలు తెరిసిండ్రు?"

లక్ష్మణ్ తల్లి వైపు చూశాడు. ఎంకమ్మ వీధిలో పోతున్న బస్సు వైపు చూసింది. ఆ బస్సు వెళ్లిపోయాక ఇంకో బస్సు రాలేదు. చూడటానికి ఏమీ మిగలక కొంగు సర్దుకుంది.

అద్దం తలుపు పక్కకు జరిగింది. నాగేశ్ టార్చి వేశాడు. నల్లటి గ్రాఫిక్స్ కార్డు వీపు మీద మూడు వేళ్లతో అడ్డంగా పూసిన పసుపు, ఆ పసుపు నడుమ పావలా కాసంత కుంకుమ బొట్టు. బొట్టు దగ్గర్నుంచి కార్డు అంచు దాకా జారి ఎండిపోయిన తడి చార. కింది ఫ్యాను రెక్కలో ఇరుక్కున్న ఒక్క పచ్చటి బియ్యపు గింజ.

నాగేశ్ కళ్లజోడు నుదుటి మీది నుంచి కళ్ల మీదికి దించుకున్నాడు.

"పెద్దమ్మా, దసరాకు పూజ చేసినవా?"

అప్పటికి నెల రోజులుగా గొంతులో అడ్డం పడ్డ మాట ఒక్కసారిగా బయటికి వచ్చింది.

"చేసిన నాయినా. అబద్ధమెందుకు, చేసిన. ఆయుధపూజ దినం నాగలికి చేసిన, మందు కొట్టే డబ్బాకు చేసిన, కొడవండ్లకు చేసిన, ఎడ్లకు చేసిన. ఇది గూడ నా కొడుకు పనిముట్టే గద అని దీనికి గూడ చేసిన. వీడు పండుకున్నడు. లేపితె లోపట ముట్టొద్దంటడని నేనే తెరిసిన."

"పైన డబ్బాకు పెడ్తె సరిపోతుండె గద పెద్దమ్మా."

"ఎడ్లకు బొట్టు పెట్టాల్నంటె కొట్టం తలుపుకు పెట్టొస్తమా? పని చేసేది లోపల. దీని పాణమంత ఆ కార్డులనే ఉంటదని వీడే ఒకనాడు చెప్పిండు. పాణమున్నకాడ పెట్టిన. తమలపాకుతోని జరంత కొబ్బరి నీళ్లు చల్లిన. గంతే నాయినా, నా పాణం తోడు."

ఈ వాదనలో తప్పెక్కడుందో పట్టుకోమంటే నావల్ల కాదు. మీవల్ల అయితే ఎంకమ్మకు చెప్పండి, నాకొద్దు. నాగేశ్‌కు మాత్రం నవ్వూ వచ్చింది, బాధా వేసింది. మీసం కింద మూతి బిగించుకుని ఊరుకున్నాడు.

ఎంకమ్మ కొడుకు తిట్టు కోసం ఎదురుచూసింది. తిడితే బాగుండుననిపించింది. దసరా నుంచీ వాడు ఓడిపోవడం, తాను దసరానాడే ఆ నీళ్లు చల్లడం, రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుంటూ నెలంతా కుళ్లిపోయింది. వాడికి కాళ్లు పోతే ఆ డబ్బా కాళ్లయింది. ఆ కాళ్లను తన చేత్తో తానే విరిచేసింది. పైగా అదే పళ్లెంలోని అదే కుంకుమ ఆనాడు ఎడ్ల నొసళ్లకూ పెట్టింది. ఈ బొట్టు కార్డును తినేసింది, అందుకని ఆ బొట్టు పెట్టుకున్నవి సంతకు పోయాయి. తలుచుకుంటే తన చేతులు నరుక్కోవాలనిపిస్తోంది.

కానీ లక్ష్మణ్ తిట్టలేదు. వాడి మొహంలో కోపం జాడే లేదు. పరీక్షలో రాని ప్రశ్న తీసేశారని తెలిసిన పిల్లవాడిలా కాస్త తేలికపడ్డాడు.

"చూసినవా అన్నా, నీళ్లు వోయినయి. గందుకే పోయింది," అన్నాడు గబగబా. "పోనీలే అమ్మా. ఎట్లనో పాతదే. ఇగ పా, ఇంటికి పోదం."

"జర ఆగు తమ్మీ," అన్నాడు నాగేశ్. "చూడకుండ ఎట్లంటం? ఏడ్వకు పెద్దమ్మా. కూసో."

కార్డును ఊడదీశాడు. స్పిరిట్‌లో దూది ముంచి కుంకుమ తుడిచాడు, పసుపు తుడిచాడు, ఎండిన చారను బ్రష్‌తో గీకాడు. ఫ్యాను రెక్కలోంచి అక్షింత గింజను పిన్నుతో తీసి, పారేయడానికి మనసొప్పక, బల్ల మూలనున్న దేవుడి పటం ముందు పెట్టాడు. బ్లోయరుతో దుమ్ము ఊదాడు.

ఎంకమ్మ గోడవారన స్టూలు మీద కూర్చుని చూస్తోంది. మూడేళ్ల కిందట పెద్దాసుపత్రిలో ఆపరేషను గది బయట కూడా ఇలాగే కూర్చుంది. ఆనాడు బయటికి వచ్చిన డాక్టరు చెప్పిన మాటలన్నీ ఆమెకు ఇప్పటికీ నోటికి వచ్చు. రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, వీపుకు పుండ్లు పడకుండా చూసుకోవాలి, నీళ్లు ఎక్కువ తాగించాలి. చివర్న ఇంకొకటి చెప్పాడు. ఎప్పుడన్నా చేతులకు తిమ్మిరి ఎక్కితే ఒక్కరోజు కూడా ఆగొద్దు, వెంటనే తీసుకురండి, ఆలస్యమైతే నేను కూడా ఏం చేయలేను. మొదటి ఏడాది ఎంకమ్మ రోజూ పొద్దున్నే అడిగేది, చేతులెట్లున్నయి బిడ్డా అని. వాడు విసుక్కునేవాడు. ఆట మొదలైన తర్వాత ఆ చేతులు మౌసు మీద ఆడటం చూసి అడగడం మానేసింది.

కార్డు మళ్లీ లోపలికి వెళ్లింది. తెర వెలిగింది. నాగేశ్ ఏదో పరీక్ష నడిపించాడు. తెర మూలన అంకెలు పరుగెత్తాయి. పావుగంట చూశాడు. కళ్లజోడు మళ్లీ నుదుటి మీదికి వెళ్లింది.

"పెద్దమ్మా, నువ్వు ఫికర్ పెట్టుకోకు. కార్డు మంచిగున్నది."

"ఏందీ?"

"మంచిగున్నది అంటున్న. నీళ్లు పైపైన్నే జారిపోయినయి, లోపటికి దిగలే. వేడి గూడ ఎక్కుతలేదు. తమ్మీ, నువ్వాడే ఆటకు ఎన్ని ఫ్రేములు కావాల్నో దానికి డబుల్ ఇస్తున్నది. కొత్తది ఏస్తె దానికి ఎస్ఎంపీఎస్ సరిపోదు, కరెంటు పెట్టె గూడ మార్చాలె. మీ ఊర్ల ఓల్టేజీకి అది ఆగుతదో లేదో. నేను దుకాణం పెట్టుకున్నదే అమ్మనీకె. అయినా చెప్తున్న, నీకు కొత్త కార్డు అవసరం లేదు."

ఎంకమ్మ రెండు చేతులూ జోడించింది, నాగేశ్‌కో, దేవుడి పటానికో, ఆ కార్డుకో ఆమెకే తెలియదు. తన బొట్టు ఎవరినీ చంపలేదు. ఎడ్లు సాయంత్రానికి ఇంటికొస్తాయి. వెంటనే ఫోను చేయాలి. రవికలోంచి ఫోను సంచీ తీస్తుండగా లక్ష్మణ్ గొంతు వినిపించింది.

"లేదన్నా. పోయింది కార్డు. నీకు సమజైతలేదు."

"అంకెలు కనవడ్తున్నయి గద తమ్మీ."

"అంకెలేమో. నేను ఆడుత. నాకు తెల్వదా? నేను గుండు కొట్టేటప్పటికి అవతలోడు కొట్టేస్తడు. లేటైతది. ఎప్పుడు లేటే."

నాగేశ్‌కు కాస్త రోషం వచ్చింది. పని తెలిసినవాడికి రాకేం చేస్తుంది.

"సరే. ఆడి సూపియ్యి. యాడ ఆగుతదో నువ్వే సూపియ్యి."

లక్ష్మణ్ ఒప్పుకోలేదు. మౌసు తనది కాదన్నాడు. కుర్చీ ఎత్తు కుదరలేదన్నాడు. ఎంకమ్మ డబ్బాతో పాటు వాడి మౌసు కూడా సంచీలో తెచ్చింది, తీసి ముందు పెట్టింది. నాగేశ్ కుర్చీ ఎత్తు సరిచేశాడు.

"ఆడు బిడ్డా," అంది ఎంకమ్మ. "ఒక్కసారి ఆడితె మనకు గూడ తెలుస్తది గద."

తప్పించుకోవడానికి ఇంకేమీ మిగల్లేదు. ఆట మొదలైంది.

కూలిపోయిన ఊరు, ఆ వీధుల్లో తుపాకీ పట్టుకుని పరుగెత్తుతున్న మనిషి. ఆ ఉరికేది నేనే అమ్మా అని లక్ష్మణ్ ఒకసారి చెప్పాడు. ఆ మాట విన్నప్పటి నుంచి ఎంకమ్మ ఆ తెర వైపు సరిగ్గా చూడలేదు, కళ్లు మసకబారుతాయి. ఈరోజు చూసింది. బొమ్మ ఎక్కడా ఆగలేదు. మనిషి ఉరికాడు, గోడ చాటుకు వెళ్లాడు, ఎదుట ఒకడు కనిపించాడు. కనిపించినా ఇతను కాల్చలేదు. కాల్చేలోగా అవతలివాడు కాల్చాడు. పడిపోయాడు. మళ్లీ లేచాడు. మళ్లీ అంతే.

నాగేశ్ తెర మీదికి వంగి అంకెలు చూస్తున్నాడు. ఎంకమ్మకు అంకెలతో పనిలేదు. ఆమె కొడుకు చేతిని చూసింది.

ముప్పై ఏళ్లుగా పత్తి ఏరిన మనిషి. కాయ పగిలిన తీరు చూసి ఏ వేలు ఎక్కడ పెట్టాలో చీకట్లో కూడా చెప్పగలదు. వేళ్ల సంగతి ఆమెకు ఎవరూ నేర్పక్కర్లేదు. కొడుకు కుడిచేతి చిటికెన వేలూ దాని పక్క వేలూ మౌసు మీద లేవు. ముడుచుకుని బల్ల మీద పడున్నాయి. చూపుడు వేలు మౌసును నొక్కడం లేదు. మణికట్టు దగ్గర్నుంచి చెయ్యంతా ముందుకు తోస్తున్నాడు, ఆ తోపుకు వేలు వెళ్లి ఎప్పటికో తగులుతోంది. బొటనవేలికీ చూపుడు వేలికీ నడుమ కండ ఉండాల్సిన చోట గుంట పడింది.

రోజూ అన్నం పెట్టే చెయ్యి తనది. రోజూ చూసిన చెయ్యి వాడిది. ఎక్కడ చూసింది?

ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. బతుకమ్మ పండగ నాటి నుంచి అన్నానికి చెంచా అడుగుతున్నాడు, ఆడుకుంట తింట అమ్మా అని. గుండీల అంగీలు వద్దన్నాడు, ఉక్కపోస్తున్నదని. నీళ్ల సీసా మూత తీసి పెట్టుమన్నాడు. మొన్న వేడి వేడి చాయ గ్లాసు పట్టుకుంటే వేలికి ఇంత పొక్కు లేచింది. ఎట్ల కాలిందిరా అంటే తెల్వదన్నాడు. తెల్వదన్నవాణ్ని తాను పరధ్యానమని తిట్టింది కూడా.

ఎంకమ్మ లేచి వెళ్లి ఆ చేతిని మౌసు మీది నుంచి తీసి తన చేతిలో పెట్టుకుంది. చల్లగా ఉంది.

"పట్టు."

"ఏందమ్మా..."

"నా చెయ్యి పట్టు. గట్టిగ పట్టు."

లక్ష్మణ్ ఆమె మొహం వైపు చూశాడు. ఆమె చేతిలో వాడి వేళ్లు వదులుగా ఉన్నాయి.

"గట్టిగ పట్టురా. ఇంక గట్టిగ."

"పట్టిన అమ్మా," అన్నాడు లక్ష్మణ్. "పట్టే ఉన్న."

నాగేశ్ విషయం అర్థం చేసుకుని తెర ఆపేశాడు. చాయ చెప్పొస్తనని ఎవరూ అడక్కుండానే బయటికి వెళ్లిపోయాడు.

"ఎప్పటికెళ్లి?" అంది ఎంకమ్మ.

"వినాయక చవితికి ముందుగాల తిమ్మిరి మొదలైంది. రాత్రి వంకర పండుకున్న గావొచ్చు అనుకున్న. తగ్గలే. బతుకమ్మ నాటికి ఈ రెండు వేళ్లు వోయినయి. ఇప్పుడు చూపుడు వేలు. దసరాకంటె ముందే అమ్మా. నీ బొట్టుతోని ఏం గాలే. నువ్వు అట్ల మనసుల పెట్టుకుని ఏడుస్తున్నవని నాకు తెల్వదు, తెలిస్తె చెప్తుంటి."

"డాక్టరు చెప్పిండు గదరా. ఒక్క దినం ఆగొద్దని చెప్పిండు గదరా. నీ ముంగటనే చెప్పిండు గద."

"చెప్పిండు."

"మరెందుకు నోరు మూసుకున్నవ్?"

"చెప్తె ఏం జేస్తరు మీరు? మల్ల హైదరాబాద్ తీస్కపోతరు. పోయినసారి చెల్క వోయింది. ఈసారి ఎడ్లు పోతయి. ఆ జతను కొననీకె నాయిన ఎండల వడి ఎంత కష్టం చేసిండో నేను చూస్తలేనా? మంచంల పండుకునే చూసిన అంత. నాకోసం ఇంక ఒక్కటి గూడ అమ్మొద్దనుకున్న."

"మరి కార్డు కార్డు అని ఎందుకు మొత్తుకున్నవురా!"

లక్ష్మణ్ తలవంచుకున్నాడు. ఆరడుగుల పిల్లవాడు ఆ కుర్చీలో ఇంతై కనిపించాడు.

"ఓడుతున్న గద అమ్మా. నాయిన దినాం అడుగుతుండె, ఎందుకోడుతున్నవ్ బిడ్డా అని. ఏదన్న ఒకటి చెప్పాలె గద. కార్డు అంటె అది మనం కొనే సామాను గాదు, నాయిన కొననే కొనడు, మాట ఆడికే ఆగుతదనుకున్న. ఓడినా కార్డు మీద పోతది. ఇంకొన్ని దినాలు ఎవలికి తెల్వకుండ ఆడుకుందామనుకున్న." కాసేపాగి, ఇంకా చిన్నగా అన్నాడు. "టీముల పోరగాండ్లకు నా కాళ్ల సంగతే చెప్పలే. చేతులు గూడ పోతున్నయని ఎట్ల చెప్పాలె?"

ఎంకమ్మ వింటూనే ఉంది. కానీ చివరి మాటలు ఆమె బుర్రకెక్కలేదు. నాయిన కొననే కొనడు అన్న దగ్గరే ఆగిపోయింది. ఈ వెర్రివాడు, ఎడ్లు అమ్మకుండా ఉండాలని ఒక అబద్ధం వెతుక్కున్నాడు. ఆ అబద్ధం విన్న ఇంకో వెర్రివాడు, వీడి తండ్రి, ఎడ్లను ట్రాలీ ఎక్కించాడు. ఆ సంగతి వీడికి తెలియదు. వీడి చేతి సంగతి ఆయనకు తెలియదు. రెండూ తెలిసిన మనిషి ఈ భూమ్మీద తానొక్కతే. ఏ తల్లికీ ఇలాంటి తెలివి వద్దు.

ఆమె ఫోను మోగింది.

ఎంకమ్మకు ఫోను చెవిన పెట్టుకుని మాట్లాడటం రాదు. ఎప్పుడూ స్పీకరు నొక్కి, మొహానికి ఎదురుగా పట్టుకుని, అవతలి మనిషి ఎదుట నిలబడ్డట్టే గట్టిగా మాట్లాడుతుంది. పదేళ్ల అలవాటు. ఆ అలవాటే ఇప్పుడు కొంప ముంచింది. నొక్కింది.

షాపు నిండా సంత వచ్చి పడింది. ఎడ్ల రంకెలు, మువ్వలు, ఎవరో ఎవరినో తప్పుకొమ్మంటున్న కేకలు. వాటన్నిటి మీదుగా నాగన్న గొంతు.

"ఏమే, ఏమన్నడు షాపాయన? జల్ది చెప్పు. దలాలి చెయ్యి పట్టిండు."

లక్ష్మణ్ తలెత్తాడు.

పెబ్బేరు సంతలో ధర నోటితో చెప్పుకోరు. అమ్మేవాడి చెయ్యీ, బేరం కుదిర్చే దలాలి చెయ్యీ తువ్వాల కింద కలుసుకుంటాయి. వేళ్లే మాట్లాడుకుంటాయి. ఒక వేలు పడితే ఒక లెక్క, రెండు వేళ్లు కలిపి పడితే ఇంకో లెక్క. చుట్టూ వందమంది నిలబడి చూస్తున్నా తువ్వాల కింద ఏం జరిగిందో ఆ ఇద్దరికే తెలుస్తుంది. చెయ్యి లాక్కుంటే బేరం పోయినట్టు. చెయ్యి బిగిస్తే కుదిరినట్టు. నాగన్న కుడిచెయ్యి ఇప్పుడు ఆ తువ్వాల కింద ఉంది, ఎడమ చేతిలో ఫోనుంది.

"మంచి బేరమే వచ్చిందే. మల్ల రాదంటున్నరు. మార్చాల్ననె అన్నడా, అవసరం లేదన్నడా? ఒక్క మాట చెప్పు. గాయన చెయ్యి ఎంతసేపు పట్టుకోని ఉంటడు?"

"నాయిన యాడున్నడు?" అన్నాడు లక్ష్మణ్. "గద్వాల అన్నడు గద. అమ్మా, ఆ మువ్వలు మనయే గద?"

ఎంకమ్మ చెప్పక్కర్లేదు. ఆ మువ్వలకు దసరానాడు కొత్త దారం కట్టింది వాడే. మంచం మీద కూర్చుని, పళ్లతో ముడి బిగించాడు. పళ్లతో ఎందుకో ఆమెకు ఇప్పుడు తెలిసింది.

"వద్దని చెప్పమ్మా," లక్ష్మణ్ గుసగుసగా అన్నాడు. "కార్డు మంచిగున్నదని చెప్పు. నిజమే గద. నిజమే చెప్పు."

నిజమే. నాగేశ్ అన్నది అక్షరాలా అదే. అది చెబితే నాగన్న చెయ్యి వెనక్కి లాక్కుంటాడు, సంతోషంగా, పెద్ద గండం గడిచిందనుకుని. సాయంత్రానికి ఎడ్లు కొట్టంలో గడ్డి నములుతుంటాయి. ఇక్కడ వీడి చూపుడు వేలు కూడా బల్ల మీద పడిపోతుంది. ఆ తర్వాత ఎడమచెయ్యి. డాక్టరు ఒక్కరోజు ఆగొద్దన్నాడు, రెండు నెలలు గడిచిపోయాయి. ఇంట్లో అమ్మడానికి ఆ రెండు మూగజీవాలు తప్ప ఇంకేముంది?

మరి అసలు సంగతి చెబుదామా అంటే, ఎడ్ల నడుమ, వందమంది నడుమ, చెయ్యి ఒకరికి అప్పగించి నిలబడ్డ మనిషికి ఫోనులో చెప్పే మాటా అది? నీ కొడుకు చేతులు కూడా పోతున్నాయని? అక్కడికక్కడే కూలబడతాడు. పట్టుకునేవాళ్లెవరు?

"ఏమే! ఉన్నవా?"

ఎంకమ్మ కొడుకు చేతిని తన ఎడమ చేత్తో ఇంకా పట్టుకునే ఉంది. పట్టుకున్నది తానొక్కతే.

"ఇచ్చెయ్యి," అంది.

"ఆ? మార్చాల్ననె అన్నడా?"

"అవ్. మార్చాల్నంట. ఇచ్చెయ్యి."

"అమ్మా!" అన్నాడు లక్ష్మణ్.

ఫోనులో కాసేపు సంత ఒక్కటే వినిపించింది. తర్వాత ఎవరో చేతులు చరిచారు. పగ్గం మార్చండ్రి అని ఒక కొత్త గొంతు వినిపించింది. మువ్వలు గలగలమన్నాయి, ఆ గలగల ఫోనుకు దూరంగా జరిగింది.

"అయిపోయింది," అన్నాడు నాగన్న. గొంతు సవరించుకున్నాడు, రెండోసారి కూడా సవరించుకున్నాడు. ఆ తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు, ఏడ్వడం ఇష్టంలేని మగవాళ్లు నవ్వే నవ్వు. "మంచోళ్ల చేతులనే పడ్డయి. ఇగ ఏం పరేషాన్ లేదు. కొడుక్కియ్యి ఫోను. ఈ ముచ్చట నేనే చెప్త. వాడు ఎగిరి గంతేస్తడు చూడు."

ఇవ్వనని ఎలా అంటుంది? ఎంకమ్మ ఫోను చాచింది.

ఏం చేస్తున్నాడో ఆలోచించకుండా, పుట్టినప్పటి నుంచీ ఉన్న అలవాటుతో, లక్ష్మణ్ కుడిచెయ్యి చాచాడు. ఫోను వాడి అరచేతిలోకి వచ్చింది. వేళ్లు ముడుచుకోలేదు. ఫోను వాటి సందులోంచి జారి బల్ల అంచుకు తగిలి నేల మీద వెల్లకిలా పడింది.

పగల్లేదు. స్పీకరు కూడా ఆగలేదు. నేల మీది నుంచి నాగన్న గొంతు షాపంతా వినిపిస్తూనే ఉంది. చాయ గ్లాసులతో వచ్చిన నాగేశ్ గడపలోనే ఆగిపోయాడు. తల్లీ కొడుకుల్లో ఎవరూ వంగలేదు.

"లక్ష్మణ్... బిడ్డా, విన్నవా? కొత్త కార్డు తెస్తున్నం. ఇగ ఐతారం నాడు నువ్వే గెలుస్తవ్, ఏమంటవ్?... ఏందిరా, పలుకుతలేవు? సంబురంతోని నోట మాట వస్తలేదా?"